ఓక్ వారింటి తద్దినం

మలుగు చేపను ఒలవడానికి బూసాన్‌లో ఒక పద్ధతి ఉంది. బతికున్న చేప తలను చెక్క పలక మీద అదిమిపట్టి, పిడి ఉన్న మేకుతో ఒక్క పోటు పొడుస్తారు. ఇక అది ఎంత మెలికలు తిరిగినా ఎక్కడికీ పోదు. జగాల్చి చేపల మార్కెట్లో ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూనే నిమిషానికి మూడు ఒలిచేస్తారు.

సోమవారం ఉదయం ఏడున్నరకు ఆ మార్కెట్లో పద్నాలుగో నంబరు కొట్టు వెనక గూ బోంగ్‌చోల్ బోర్లా పడి ఉన్నాడు. మెడ వెనక గుంటలో మేకు పిడి దాకా దిగి ఉంది. నీళ్ళ తొట్టి పొంగి, నెత్తురూ నీళ్ళూ కలిసి కాలవలోకి పోతున్నాయి.

టాక్ యోన్‌సుక్ చేతిలో బుట్టతో, రబ్బరు బూట్లతో, చేపలు కొనడానికొచ్చిన ఆడమనిషిలాగే అక్కడికి చేరింది. ఆ ఏడున్నరకు బోంగ్‌చోల్ ఆమెను కలవాలి. ఇద్దరూ పదకొండేళ్ళు ప్రభుత్వ గూఢచారి బ్యూరోలో జంటగా పనిచేశారు. మోకాళ్ళ మీద కూర్చుని అతని జేబులు వెతికింది. చొక్కా జేబులో సిగరెట్ పెట్టె దొరికింది.

బోంగ్‌చోల్ సిగరెట్లు మానేసి రెండేళ్ళయింది.

పెట్టెలో గోరంత కాగితం ముక్క ఉంది. చేత్తో తయారుచేసే దళసరి తెల్ల కాగితం. యోన్‌సుక్ దాన్ని రవికెలో దోపుకుంది. అతని కళ్ళు మూసింది. బుట్టలో రెండు కానాగంతలు వేయించుకుని, డబ్బిచ్చి, చిల్లర లెక్కపెట్టుకుని మరీ బయటపడింది. వీధి మలుపు తిరిగాక గోడకు ఆనుకుని వాంతి చేసుకుంది.

మధ్యాహ్నం నంపోదోంగ్‌లో ఒక దర్జీ కొట్టు వెనక గదిలో బ్రీఫింగ్. డైరెక్టర్ చూ సన్నగా, ఎండిన కట్టెలా ఉంటాడు. మాటలూ అంతే పొదుపు. బల్ల మీద గాజు పెట్టె, లోపల ఎలుక, పక్కన ఆ కాగితంలోంచి తుంచిన పీలిక.

“చూడు” అన్నాడు.

ల్యాబ్ మనిషి పీలికను ముట్టించి పెట్టెలో పడేశాడు. భగ్గుమంది. బూడిద కూడా మిగల్లేదు. ఎలుక రెండుసార్లు గిలగిలలాడి వెల్లకిలా పడింది.

“ఎనిమిది సెకన్లు” అన్నాడు చూ. “పీలికకు ఎలుక. అరచెయ్యంత కాగితానికి ఎంతో చెప్పు?”

“మనిషి?”

“గదినిండా మనుషులు.”

యోన్‌సుక్ పెట్టెలోని ఎలుకను ఇంకోసారి చూసింది.

“లాంతరు ముఠా పని” అన్నాడు చూ. బ్యూరో ఆ ముఠాకు పెట్టుకున్న పేరది. ఆఫీసు హాంగ్‌కాంగ్‌లో, ఖాతాదార్లు నాలుగు ఖండాల్లో. “హేబోంగ్ షిప్‌యార్డులో మన మొదటి సబ్‌మెరైన్ తయారవుతోంది. అది తయారు కాకూడదని ఎవరో వీళ్ళకు కాంట్రాక్ట్ ఇచ్చారు. యార్డును పేల్చక్కర్లేదు. యజమానులు పోతే చాలు. ఓక్ వంశంలో మగవాళ్ళంతా ఏడాదిలో ఒక్కరోజే ఒక్క గదిలో చేరతారు.”

“ఎప్పుడు?”

“ఈ శుక్రవారం. చాంద్రమానం తొమ్మిదో నెల, తొమ్మిదో రోజు.”

ఎప్పుడు పోయారో తెలియనివాళ్ళకు తద్దినం పెట్టే రోజది. కొరియా యుద్ధంలో ఉత్తరాన వదిలేసి వచ్చినవాళ్ళకు తేదీ ఎవరు చెబుతారు? అందుకే తొమ్మిదిలో తొమ్మిది. హేబోంగ్ గ్రూపు చైర్మన్ ఓక్ గ్వాంగిక్ ముప్ఫై మూడేళ్ళ క్రితం, డిసెంబరు మంచులో, ఉత్తరాన హుంగ్నామ్ రేవులో ఓడ ఎక్కుతూ అన్నగారిని పోగొట్టుకున్నాడు. తర్వాత తుప్పు ఇనుము అమ్ముకునే కొట్టు నుంచి ఓడలు కట్టే యార్డు దాకా ఎదిగాడు గానీ, అన్న తద్దినం మాత్రం ఒక్క ఏడూ తప్పలేదు.

“ఈ ఏడు ఇంకో విశేషం” అన్నాడు చూ. “అన్నగారి కొడుకు దొరికాడు. జూలైలో టీవీలో విడిపోయిన కుటుంబాలను కలిపే కార్యక్రమం వచ్చింది కదా, అందులో పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. జింగ్యు అని. మణికట్టు మీద కాలిన మచ్చ చూసి ముసలాయన కావలించుకుని గంటసేపు ఏడ్చాడు. రక్తం గ్రూపు కలిసింది. మేమూ విచారించాం, తప్పేం దొరకలేదు.”

“బోంగ్‌చోల్‌కు దొరికిందేమో.”

“ఏమో. ఆ ఇంట్లో మనకొక మనిషి ఉంది. చైర్మన్ సెక్రటరీ ర్యూ చేరాన్. లాంతరు వాళ్ళ దగ్గరా జీతం తీసుకుంటుంది, మన దగ్గరా తీసుకుంటుంది. ప్రస్తుతానికి మనదే ఎక్కువ. నువ్వు వంటమనిషిగా వెళ్ళు. కోడ్ గుర్తుంచుకో. పరాయింటి తద్దినంలో బేరిపండు ఎక్కడ పెట్టాలో మనకెందుకు?”

“ఎడమవైపు పెడితే ముసలాయన అలుగుతాడు” అని ఆ కోడ్‌కు జవాబు అప్పజెప్పింది యోన్‌సుక్.

యోంగ్‌దో దీవి కొండ మీద ఓక్ వారి ఇల్లు. వాకిట్లో నిలబడితే కింద యార్డు క్రేన్లన్నీ కనిపిస్తాయి. మంగళవారం యోన్‌సుక్ వంటింట్లో చేరింది. బుధవారం చేరాన్ పలకరించింది. పాతికేళ్ళుంటాయి. పచ్చ పట్టు హాన్‌బోక్ దుస్తులు, జడముడిలో వెండి పుల్ల, నవ్వితే ఎదుటివాడు చెప్పదలుచుకున్నది మరచిపోవాల్సిందే. బావి దగ్గర కోడ్ చెప్పింది, జవాబు విన్నది, గొంతు తగ్గించింది.

“తలుపుల కాగితం అక్కా. హాలు తలుపులకు నిన్ననే కొత్త కాగితం అంటించారు. దీపం తగిలిందంటే చాలు.”

చెక్క చట్రానికి కాగితం అంటించిన తలుపులవి, శరత్కాలంలో ఆ కాగితం మార్చడం ప్రతి ఇంట్లో ఉన్నదే. ఎవరికీ అనుమానం రాదు. ఆ సాయంత్రమే, చేరాన్ కాపలా ఉండగా, యోన్‌సుక్ హాలు తలుపుల కాగితమంతా చింపి, బ్యూరో పంపిన కాగితం తన చేతులతో అంటించింది. గంజి వేళ్ళకు ఎండి పెచ్చులు కట్టింది. చింపిన కాగితాన్ని ల్యాబ్‌కు పంపింది. ప్రతి ముక్కా పరీక్షించాలి, ఫలితం రావడానికి రెండు రోజులన్నారు.

హమ్మయ్య అనుకుంది. అక్కడే పప్పులో కాలేసింది.

శుక్రవారం ఉదయం వంటిల్లు పొగతో, నూనె వాసనతో నిండిపోయింది. పెద్ద కోడలు మెంగ్ హీజా మూకుడు ముందు కూర్చుని చేప ముక్కల అట్లు వేయిస్తోంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంటి తద్దినాలు ఆమె నడుము మీదే నడిచాయి. నోరు మాత్రం నడుముకంటే గట్టిది.

“ఒసేయ్, వెల్లుల్లి ఎందుకు తరుగుతున్నావే? చచ్చినవాళ్ళకు వెల్లుల్లి, మిరపకాయ పెట్టకూడదని కూడా తెలీదా? నిన్నెవరు పంపారే తల్లీ!”

“మా నాన్న చర్చి పెద్ద, అమ్మగారూ. మా ఇంట్లో తద్దినాల్లేవు.”

“అదృష్టవంతురాలివి. నేనూ చర్చిలో పుట్టాల్సింది.” హీజా అట్టు తిరగేసింది. “మనం మూడు రోజులు ఒళ్ళు హూనం చేసుకుని వండాలి. మగవాళ్ళు లోపల రెండుసార్లు వంగి లేచి అలిసిపోయామంటారు. ఆడవాళ్ళకు గడప దాటే యోగం లేదు. పోయినవాళ్ళకు తిండి కావాలి గానీ వండినదాని మొహం అక్కర్లేదు.”

యోన్‌సుక్ నవ్వింది. చెవి మాత్రం ముంగిలి అవతలున్న హాలు వైపే ఉంది. లోపల పదకొండు మంది. చైర్మన్, ముగ్గురు కొడుకులు, అల్లుళ్ళు, మనవలు, కొత్తగా దొరికిన జింగ్యు. పోయినవాళ్ళు భోంచెయ్యాలని అంతా కాసేపు బయటికి వచ్చి తలుపు మూశారు. తర్వాత చైర్మన్ మూడుసార్లు దగ్గి తలుపు తెరిచాడు. మళ్ళీ లోపలికి వెళ్ళారు.

“అయిపోవచ్చింది” అంది హీజా. “చారు గిన్నె తీసి మంచినీళ్ళు పెడతారు. మొక్కుతారు. పేరు కాగితం కాలుస్తారు. అప్పుడు మనకు తిండి.”

యోన్‌సుక్ చేతిలో గరిట ఆగిపోయింది.

“ఏం కాగితం?”

“పోయినవాళ్ళ పేరు రాసి తెర మీద అంటిస్తారే, అది. వాళ్ళు వచ్చి కూర్చునేది దాన్లోనే. పనయ్యాక కాలిస్తే వెళ్ళిపోతారు. ఇదీ తెలీదూ?”

“ఎవరు రాశారు?”

“కొత్త బావగారు. తండ్రి పేరు తనే రాస్తానని పట్టుబట్టాడు. కాగితం కూడా తనే తెచ్చాడట, మంచి దళసరి... ఏమ్మా, అలా తెల్లబోయావేం?”

చర్చి పెద్ద కూతురిగా పుట్టినందుకు యోన్‌సుక్ జీవితంలో మొదటిసారి తనను తాను తిట్టుకుంది. కొరియాలో పిల్లవాడికైనా తెలిసిన సంగతి తనకు తెలియలేదు! నాలుగు అంగల్లో వంటింటి తలుపు దగ్గరకు చేరింది.

తలుపుకు అడ్డంగా చేరాన్ నిలబడి ఉంది. చేతిలో చిన్న పిస్తోలు, దాని మూతికి సైలెన్సర్.

“అట్లు మాడుతున్నాయి అక్కా. వెళ్ళి తిరగెయ్.”

“బోంగ్‌చోల్‌ను నువ్వే చంపావా?”

“ఆ మేకు పోటు నా చేతిది కాదు. నేను అడ్రసు చెప్పానంతే. ఈ నెల వాళ్ళ జీతం ఎక్కువ.”

యోన్‌సుక్ వెనక్కి రెండడుగులు వేసింది. మూడో అడుగుకు మూకుడు అందింది. కాగుతున్న నూనె అట్లతో సహా చేరాన్ మొహాన పడింది. కేకతో పాటే పిస్తోలు పేలింది. గుండు యోన్‌సుక్ చెవి తమ్మె ఎగరగొట్టుకుని వెనక సోయా జాడీని పగలగొట్టింది. చేరాన్ కళ్ళు మూసుకునే జడలోంచి వెండి పుల్ల లాగి విసురుగా పొడిచింది. పుల్ల కాదది, జానెడు కత్తి. యోన్‌సుక్ ఆ మణికట్టు పట్టుకుని గుమ్మానికేసి విరిచింది. ఎముక చిట్లిన చప్పుడు వంటిల్లంతా వినిపించింది.

హీజా లేచి, ఇనుప మూత రెండు చేతులతో ఎత్తి చేరాన్ నెత్తిన వేసింది. చేరాన్ కూలిపోయింది.

“రెండేళ్ళుగా దీన్ని కొట్టాలని నా చేతులు దురద పెడుతున్నాయి” అంది హీజా రొప్పుతూ. “మా ఆయనకు కాఫీ కలిపే వయ్యారం చూడాలి... ఇంతకీ నువ్వెవరివే?”

“ఆమెను కట్టెయ్యండి అమ్మగారూ” అని యోన్‌సుక్ అట్ల ముక్కలు గుచ్చే కొస పుల్లలు నాలుగు గుప్పిట పట్టుకుని ముంగిట్లోకి పరుగెత్తింది.

హాలు మెట్ల మీద జింగ్యు డ్రైవరు నిలబడి ఉన్నాడు. చేతిలో అడ్డగడియ. లోపలివాళ్ళు బయటికి రాకుండా తలుపుకు వేయడానికి తెచ్చినది. ఆమెను చూసి దాన్నే ఎత్తి కొట్టాడు. దెబ్బ భుజం మీద పడింది, చెయ్యి మొద్దుబారింది. రెండో దెబ్బకు ఎత్తేలోపు ఆమె కిందికి దూరి, పుల్లలు నాలుగూ అతని దవడ కింద గుచ్చింది. అతను గొంతు పట్టుకుని గుర్రుమంటూ మెట్ల మీద దొర్లాడు. ఆమె తెల్ల ఏప్రన్ మీద నెత్తురు చిమ్మింది.

అప్పుడు తలుపు అవతలి నుంచి చైర్మన్ గొంతు వినిపించింది.

“ఆ మద్యం చిన్నవాళ్ళు పారబోస్తారులే నాయనా, గిన్నె అక్కడ పెట్టు. నువ్వు బయటికెందుకు? ఇలా రా. కాగితం నువ్వే కాల్చాలి.”

“మీరు కాల్చండి బాబాయ్. ఇన్నేళ్ళూ మీరే కదా...”

“ఇన్నేళ్ళూ నువ్వు లేవు కాబట్టి! పెద్దవాడి కొడుకు ఉండగా నేనెవర్ని? ఇవాళ్టి నుంచి ఈ ఇంటికి తద్దినం పెట్టేవాడివి నువ్వు. నేను తద్దినం పెట్టేవాడి తమ్ముణ్ణి, పనీ పాటా లేనివాణ్ణి.” ముసలాయన నవ్వాడు. ఆ నవ్వులో ఏడుపు ఉంది. “పట్టుకో. మీ నాన్నను నీ చేత్తో సాగనంపు.”

లాంతరు ముఠా అన్నీ ఆలోచించింది. మచ్చ సృష్టించింది, రక్తం కలిపింది, కాగితం నానబెట్టింది. ముసలాయన కాగితం కాలుస్తుంటే జింగ్యు మద్యం గిన్నె పట్టుకుని బయటికి వస్తాడు, డ్రైవరు తలుపు బిగిస్తాడు. లెక్క సరిపోయింది. కానీ అన్నగారి కొడుకునని చెప్పుకున్నవాడే పెద్దవాడవుతాడని, కాగితం అతని చేతికే వస్తుందని హాంగ్‌కాంగ్‌లో ఎవరికీ తట్టలేదు. తద్దినాన్ని కొని తెచ్చుకోవడమంటే ఇదే.

“చెయ్యి వణుకుతోందేం? వణుకుతుందిలే, నాకూ మొదటిసారి అలాగే అయింది. నువ్వు పట్టుకో, నేను ముట్టిస్తా” అన్నాడు చైర్మన్.

యోన్‌సుక్ గొళ్ళెం కోసం చూడలేదు. తను అంటించిన కాగితం తలుపును తనే చీల్చుకుని, చట్రం విరగ్గొట్టుకుని లోపలికి పడింది.

పదకొండు తలలు ఇటు తిరిగాయి. చైర్మన్ ఎడం చేతిలో కొవ్వొత్తి స్తంభం. జింగ్యు చేతిలో అరచెయ్యంత కాగితం. రెంటికీ మధ్య బెత్తెడు దూరం.

“కాల్చకండి! విషం!”

జింగ్యు అప్పటికే నిర్ణయించుకున్నాడు. హత్య అతనికి వృత్తి. గుండెనిండా ఊపిరి పీల్చి బిగబట్టాడు. కాగితం కొసను తనే దీపానికి తగిలించి, ముసలాయన మీదికి విసిరి, కిటికీ వైపు దూకాడు.

కొస అంటుకుంది. నీలం మంట.

బల్ల మీద పోయినవాళ్ళ కోసం పెట్టిన మంచినీళ్ళ ఇత్తడి గిన్నె ఉంది, మూడు చెంచాల అన్నం కలిపిన నీళ్ళు. యోన్‌సుక్ మంటతో సహా కాగితాన్ని గాలిలోనే గుప్పిట పట్టి ఆ నీళ్ళలో ముంచి అదిమింది. చుయ్‌మంది. చేదు వాసన సన్నగా లేచింది. ఆమె కళ్ళముందు హాలు గిర్రున తిరిగింది.

“ఊపిరి ఆపండి! తలుపులన్నీ తెరవండి!”

పెద్ద కొడుకు తలుపులు తన్నేశాడు. సముద్రం గాలి కొట్టింది. ఒక మనవడు దగ్గుతూ మోకాళ్ళ మీద పడ్డాడు, కానీ దగ్గుతున్నాడంటే బతికున్నట్టే.

కిటికీ దగ్గర జింగ్యు వెనక్కి తిరిగి చూశాడు. ఒక్కరూ చావలేదు. చొక్కాలోంచి పిడి ఉన్న మేకు తీశాడు. ఒక్క ఉరుకులో వచ్చి, గిన్నెలో ఉన్న యోన్‌సుక్ చేతి మీద పొడిచాడు. గిన్నె పక్కకు ఎగిరింది. మేకు అరచేతిలోంచి దిగి, బేరిపళ్ళ పళ్ళెం పక్కన చెక్క బల్లలో కూరుకుపోయింది.

“నీ జతగాడు ఇంతకంటే తక్కువ కేకలేశాడు” అన్నాడు జింగ్యు.

ఆమె నిజంగానే కేక వేసింది. మలుగు చేప ఎక్కడికీ పోదు. కానీ మలుగుకు రెండో చెయ్యి ఉండదు. చైర్మన్ చేతిలో కొవ్వొత్తి స్తంభం ఇంకా అలాగే ఉంది. దాన్ని లాక్కుని, కొవ్వొత్తి రాలిపోయిన ఇత్తడి ములికిని జింగ్యు మెడలోకి పొడిచింది. ఒకసారి బోంగ్‌చోల్ కోసం. అతను ఇంకా నిలబడి ఉన్నాడు కాబట్టి ఇంకోసారి. అతను బల్ల మీదికి ఒరిగి, రేగుపళ్ళూ కుడుములూ ఎండు చేపా అన్నీ తనమీద వేసుకుని నేలమీద పడ్డాడు. కాళ్ళు కాసేపు తన్నుకున్నాయి. తర్వాత ఆగాయి.

చైర్మన్ అతని పక్కన కూలబడ్డాడు. మణికట్టు మీద మచ్చను బొటనవేలితో రుద్దాడు. ఇంకా నమ్మకం చావలేదు పాపం.

“వీడు మా అన్నయ్య కొడుకు కాడా?”

“కాదండీ.”

“మూడు నెలలు నన్ను బాబాయ్ అన్నాడే!” ముసలాయన మచ్చ మీంచి చెయ్యి తీశాడు. “హుంగ్నామ్ రేవులో జనం తోపులాటలో అన్నయ్యే నా చెయ్యి వదిలేశాడని ముప్ఫై మూడేళ్ళుగా అందరికీ చెప్పాను. అబద్ధం. ఓడ నిచ్చెన మీద ఒక్కడికే చోటుంది. వదిలింది నేను. అందుకే కాగితం వీడి చేతికిచ్చాను. అన్నయ్య ఇల్లు అన్నయ్యకు ఇచ్చేసినట్టవుతుందని.”

కొడుకులు తలలు వంచుకున్నారు. హీజా గడప దాటి వచ్చింది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి. ఎవరూ ఆపలేదు. మేకు పెరికి, తన పావడా అంచు చింపి యోన్‌సుక్ చేతికి కట్టింది.

“మామగారూ, ఏడవడానికి తర్వాత టైముంది. వాళ్ళను ఆకలితో పంపించొద్దు. బల్ల మళ్ళీ సర్దుతాను” అంది.

శవాలను బ్యూరో మనుషులు తీసుకుపోయారు. కట్టేసిన చేరాన్‌నూ మోసుకుపోయారు. మామూలు కాగితం తెచ్చారు. ముసలాయన సిరా నూరి, అన్న పేరు తనే రాశాడు. రాశాక కలం కింద పెట్టలేదు.

“నీ జతగాడన్నాడు వాడు. ఎవరతను?”

“గూ బోంగ్‌చోల్. సోమవారం వీడే చంపాడు.”

“తద్దినం పెట్టేవాళ్ళున్నారా?”

“ఎవరూ లేరండీ. పెళ్ళి చేసుకోలేదు.”

“సోమవారం అన్నావు కదా. ఏ పూట?”

“పొద్దున్న. ఏడున్నరలోపు.”

చైర్మన్ ఇంకో కాగితం ముందుకు లాక్కున్నాడు.

“తేదీ తెలుసు” అన్నాడు. “అదృష్టవంతుడు.”

ఆ పేరూ రాశాడు. రెండు కాగితాలూ పక్కపక్కనే మామూలుగా కాలాయి. నల్ల బూడిద పైకి లేచి, విరిగిన తలుపులోంచి యార్డు వైపు పోయింది. యోన్‌సుక్ చర్చి పెద్ద కూతురు కాబట్టి మొక్కలేదు. ఏడ్చింది మాత్రం గట్టిగానే.

సాయంత్రం ఆసుపత్రి ఫోన్లో డైరెక్టర్ చూ గొంతు ఎప్పటిలాగే పొడిగా ఉంది.

“రిపోర్టు రేపటికల్లా కావాలి. ఎన్ని కుట్లు?”

“తొమ్మిది.”

“మీ నాన్నగారు చర్చి పెద్ద కదా. తద్దినం బల్ల మీద చెయ్యి పెట్టావని తెలిస్తే ఏమంటారో?”

“నేను పెట్టలేదు సార్” అంది యోన్‌సుక్. “మేకు కొట్టి మరీ పెట్టించారు.”